ముప్పై ఒక్క అంగుళాలు

పాస్టరుగారూ, ఎదురుగా నిలబడి చెప్పే ధైర్యం లేక రాస్తున్నాను.

తుఫాను తెరిపిచ్చిన ఉదయం, మా కొండమీద మంచు కొలిచేవాళ్ళం ఫోనులో లెక్కలు చెప్పుకుంటాం.

"ముప్పై ఒక్క అంగుళాలు," అన్నాను మొన్న.

"నాకు ఇరవై ఎనిమిదే! ఈ ఏడూ నువ్వే గెలిచావమ్మా ఎడ్నా," అని అవతలి దారిలో ఉండే డెల్బర్ట్ నవ్వాడు.

"కుళ్ళుకోకు," అన్నాను.

మంచు పడేందుకు ఆరుబయట పెట్టే కొలత బల్లను ఆరు గంటలకోసారే కొలిచి తుడవాలి. నేను గంటగంటకూ తుడిచి కొలిచాను. బరువుకి అణిగేలోపే కొలిచి కలిపితే మంచు లెక్క పెరుగుతుంది. నిజానికి నాకు పడింది ఇరవై ఐదే.

దారిలో మంచు తోసే బండి ముందు డెల్బర్ట్ మలుపుకే వచ్చిందట. ఛాతీ రుద్దుకుంటూనే, "ఎడ్నాకి ఎక్కువ పడింది, ఒంటరి మనిషి. ముందు అటు వెళ్ళవయ్యా," అని బండివాడితో అన్నాడట.

బండి మా దారి తెరిచి తిరిగి అతని దగ్గరికి వెళ్ళేసరికి డెల్బర్ట్‌లో ప్రాణం లేదు.

దీన్ని మీ దగ్గరే ఉంచండి. ఎవరికీ చూపకండి.