పదివేల కిలోమీటర్ల చీటీ

బుధవారం ఉదయం సూపరింటెండెంటు గారు చీటీ రాసి భార్య చేతికిచ్చారు.

ఇంజిన్ ఆయిలు మార్చాలి. ఆయిల్ ఫిల్టరు మార్చాలి. డీజిల్ ఫిల్టరులో చేరిన నీళ్లు దింపాలి. ఎయిర్ ఫిల్టరు దులపాలి.

"ఇవాళ కారు షెడ్డుకెళ్లాలి. గుర్తుందిగా?"

"మరిచిపోనిస్తే కదండీ!" అందావిడ.

ఆయన బస్సెక్కి ఆఫీసుకెళ్లిపోయారు. పనిచేసేది రికార్డు సెక్షన్లో. కాగితం మీద ఉంటే జరిగినట్టు, లేకపోతే జరగనట్టు. సాయంత్రం వచ్చేసరికి చీటీ తిరిగొచ్చింది, నాలుగు పనుల పక్కనా మెకానిక్ పెట్టిన టిక్కులతో. దాన్ని నోటుబుక్కులో అతికించి తేదీ వేశారు. ఇక బానెట్ ఎత్తి చూడాల్సిన పనేముంది?

షెడ్డుకు ఆయన వెళ్లింది ఒక్కసారే, కారు కొన్న కొత్తలో, నడిచి. మెకానిక్‌ను నలభై రెండు ప్రశ్నలడిగారు. నలభై మూడోది ఎత్తుకోగానే మెకానిక్ చేతులు జోడించాడు.

"సార్, బండిని పంపండి. మీరు మాత్రం రాకండి."

అప్పటినుంచి ఆ పని ఆవిడ మీద పడింది.

కింది వాటాలో ఆవిడ తమ్ముడుంటాడు. ప్రెస్సులో రాత్రి డ్యూటీ, పగలంతా నిద్ర. బావ కారు కొన్న రోజే, అదే షోరూములో, అదే రకం తెల్ల కారు కొన్నాడు. డీజిల్ పోయించడం తప్ప దానికింకేమీ చేయించలేదు. గేటు లోపల పెట్టి, తాళం చెవి మేడ మీద అక్క ఇంట్లో మేకుకు తగిలించి, వెళ్లి పడుకుంటాడు.

"పదివేల కిలోమీటర్లు లేదా ఆరు నెలలు, ఏది ముందైతే అది. పుస్తకంలో రాశారయ్యా," అని సూపరింటెండెంటు గారు చెప్పి చూశారు.

"పుస్తకం చదివేది నువ్వు బావా, బండి కాదు," అన్నాడు బావమరిది.

రెండేళ్లు గడిచాయి. బావమరిది కారు పిల్లిలా వెళ్లి పిల్లిలా వచ్చేది. సూపరింటెండెంటు గారి కారు పొద్దున్నే దగ్గేది. ఆయన ఆలోచించి, పదివేలను ఏడున్నర వేలు చేశారు. పొగ మొదలైంది. ఐదువేలు చేశారు. ఎత్తు కనబడితే బండి నీరసపడేది. బావమరిది కారు మాత్రం ఇదివరకటికన్నా హుషారుగా పరిగెత్తేది.

"నాకు ఒక్కటే ఇబ్బంది బావా," అన్నాడు వాడు ఒకరోజు. "సీటు ఊరికే ముందుకు జరుగుతోంది. ఎక్కితే మోకాళ్లు స్టీరింగుకు తగులుతున్నాయి."

"షెడ్డుకు పంపు."

"పంపను. ఇవాళ సీటంటాడు, రేపు ఇంజినంటాడు. నీ బండిని అలాగే కదా పాడుచేశాడు!"

ఆ మాటకు సూపరింటెండెంటు గారికి ఎక్కడలేని కోపం వచ్చింది. పందెం కాశారు. ఐదేళ్లు నిండిన రోజు రెండు కార్లూ కొండ మీది విడిదికి వెళ్లాలి. ముందు చేరినవాడిని రెండోవాడు ఏడాదిపాటు, నలుగురిలోనూ, గురువుగారూ అని పిలవాలి.

వెళ్లే ముందు వారం పెద్ద సర్వీసు చేయించారు. డీజిల్ ఫిల్టరు కొత్తది, కూలెంటు కొత్తది, బ్రేకు ఆయిలు కొత్తది. చీటీకి రెండువైపులా టిక్కులే.

పందెం రోజు భార్య ఆయన పక్క సీట్లో కూర్చుంది. కొండదారి నాలుగో మలుపులో ఆయన కారు నల్లటి పొగ వదిలి, రెండుసార్లు ఎగిరి, ఆగిపోయింది.

బావమరిది పైదాకా వెళ్లి, టీ తాగి, తిరిగొచ్చాడు. తాడు కట్టి బావ కారును షెడ్డుదాకా లాగాడు. దారి పొడవునా కిటికీలోంచి తల బయటపెట్టి, "గురువుగారూ అనండి, వినాలనుంది!" అంటూనే ఉన్నాడు.

షెడ్డులో మెకానిక్ బానెట్ ఎత్తి, ఆయిల్ మూత తీసి, వేలుపెట్టి చూశాడు. వేలికి తారులాంటిది అంటుకుంది.

"ఎవడు సార్ దీనికి సర్వీసు చేసింది? వాణ్ని ఇంజిన్ దగ్గరికి రానివ్వకూడదు."

"నువ్వే!" అన్నారు సూపరింటెండెంటు గారు.

"నేనా?"

ఆయన నోటుబుక్కు తెరిచి ముందు పెట్టారు. ఐదేళ్లు, పద్నాలుగు చీటీలు. మెకానిక్ ఒక్కొక్క కాగితం తిప్పాడు.

"టిక్కులు నావే సార్. చేసిన పనీ నాదే. మొన్న బుధవారం ఈ చేత్తోనే ఆయిలు పోశాను."

"మరి ఆ ఆయిలు ఏమైనట్టు?"

మెకానిక్ ముందుకొచ్చి నంబరు ప్లేటు చదివాడు. వెనక్కెళ్లి అక్కడా చదివాడు. తాడు రెండో చివర ఉన్న కారు వైపు చూశాడు. తర్వాత సూపరింటెండెంటు గారి భార్య వైపు చూశాడు.

ఆవిడ పైట చెంగు సర్దుకుంది.

"గీతలు పడతాయని మీ కారు ఎప్పుడూ లోపల గోడ పక్కనే పెడతారు కదండీ, దాన్ని తీయాలంటే ముందు తమ్ముడిది తీసి వీధిలో పెట్టాలి, మళ్లీ లోపల పెట్టాలి, రెండూ ఒకలాంటివేగా అని ప్రతిసారీ గేటు దగ్గరున్నదే తీసుకొచ్చేదాన్ని."