కొత్త గడియ

పెద్దపిల్ల సుత్తి ఎత్తి మళ్లీ కొట్టింది. గది తలుపుకున్న కొత్త గడియ వంకరపోయింది.

తల్లిదండ్రుల దగ్గర ఉండలేని ఆ అక్కాచెల్లెళ్లను పిల్లల సంక్షేమ ఆఫీసువాళ్లు ఈ ఇంట్లో పెంపకానికి అప్పజెప్పి వెళ్లి గంటయినా కాలేదు. వాళ్లకోసం ఇంటావిడ టైలరమ్మ గుడ్డముక్కలు అతికి కర్టెన్లు కుట్టింది. ఆమె మొగుడు వెల్డరు, పాత పైపులతో మంచం చేశాడు. ఆడపిల్లలకు భద్రమని ఆ గడియ ఒక్కటే కొత్తది కొన్నారు.

"ఇలా ఇవ్వమ్మా, తగులుతుంది!" అంటూ టైలరమ్మ సుత్తి అందుకోబోయింది. దెబ్బ ఆమె వేళ్ల మీదే పడింది. గోరు చిట్లి నెత్తురు కారింది.

వెల్డరు పిల్ల రెక్క పట్టి లాగాడు. పిల్ల అతని మణికట్టు కొరికేసింది. ఒళ్లు మండి అతను చెయ్యెత్తాడు.

"అక్కని కొట్టకు!" మంచం కింద నుంచి చిన్నది కెవ్వుమంది. "నాన్న కూడా గడియ వేసే కొట్టేవాడు. ఎవరూ రాకుండా."

ఎత్తిన చేతిని ఎక్కడ పెట్టుకోవాలో అతనికి తెలియలేదు.

టైలరమ్మ వేళ్లకు గుడ్డ చుట్టుకుంది. "స్క్రూడ్రైవరు తీసుకురా. గడియేమిటి, తలుపే ఊడదీద్దాం."

తలుపు ఊడి గోడకు చేరింది. పెద్దపిల్ల సుత్తి మాత్రం వదల్లేదు. నడవలోకి వెళ్లి, మొగుడూ పెళ్లాలు పడుకునే గది తలుపు చూపించింది.

"దీనికీ ఉంది."

"ఉంది తల్లీ." వెల్డరు ఆ తలుపు ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. "విప్పేస్తాను. స్క్రూలు పట్టుకుంటావా?"

పిల్ల సుత్తి కింద పెట్టి దోసిలి పట్టింది.