పెరటి పూల ఫొటో

శాంతిప్రియ అత్తగారు వేలమ్మాళ్ మంచి మనిషే. చిక్కల్లా ఒక్కటే. పెరట్లో ఏ ప్రాణినీ కసరదు. చీమకు దారిస్తుంది. గొంగళి పురుగు ఆకు తింటుంటే, "తిననీవే, దానికి మాత్రం ఆకలి కాదా" అంటుంది. ఇలాంటి మనిషిని పక్కన పెట్టుకుని ఫొటోలు తీయడం ఎంత కష్టమో తీసినవాళ్ళకే తెలుస్తుంది.

అసలు గొడవ కారుతో మొదలైంది. శాంతిప్రియ మొగుడు మహేంద్రన్ కారు కొన్నాడు. కోవిల్‌పట్టిలో వాళ్ళ వీధిలో ఆటో తిరగడమే గగనం. అందుకని పెరడంతా సిమెంటు పోయించి కారు అక్కడ నిలుపుతానన్నాడు. చెట్లన్నీ వేలమ్మాళ్ పెంచినవి. ఆమె అన్నం సరిగా తినడం మానేసింది.

ఆ వారమే వీధిలోకి మైకు ఆటో వచ్చింది. తమిళంలో గడగడా ఏదో చెప్పి, ఫోన్ నంబరు చెప్పి వెళ్ళిపోయింది. శాంతిప్రియ ఒక్కతే గరిటెతోనే గుమ్మంలోకి వచ్చి వింది. ప్రొద్దుటూరులో పెరిగి, నిరుడు ఈ ఇంటికి కోడలై వచ్చిన పిల్ల; ఇంట్లో మాట్లాడేది తెలుగే. అయినా తమిళం తనకు బాగానే వచ్చేసిందని ఆమె అభిప్రాయం.

"విరుదునగర్‌లో ఫొటోల పోటీ అంట బావా. తోటలో పూచినవి ఫొటో తీసి పంపాలంట. ప్రైజు వస్తే పెరటి జోలికి రావు కదా?"

"వస్తే రాను. రాకపోతే సిమెంటు దిగుతాది" అన్నాడు మహేంద్రన్ ధైర్యంగా. పెళ్ళిరోజు కేకు ఫొటో ఆమే తీసింది. అందులో ఆమె బొటనవేలు మాత్రం చక్కగా పడింది.

శాంతిప్రియ వీడియోలు చూసి పట్టుదలగా నేర్చుకుంది. మందారం వెనక నల్ల గొడుగు పట్టించింది. మహేంద్రన్ కట్టుకోబోతున్న తెల్ల పంచె లాక్కుని, ఎండకు ఎదురుగా పరిచి, ఆ వెలుగును కనకాంబరాల మీదికి మళ్ళించింది. ఇస్త్రీకి నీళ్ళు చిమ్మే డబ్బాతో నందివర్ధనం మీద మంచు కురిపించింది. జల్లెడ అడ్డం పెట్టి బంతిపూల మీద ఎండ చుక్కలు రాల్చింది.

అన్నీ కుదిరేసరికి ఏదో ఒకటి వచ్చి వాలేది. నీలం రెక్కల సీతాకోకచిలుకను తువ్వాలుతో పక్కింటి దాకా తరిమింది. తుమ్మెదలను విసిరి తోలడానికి అత్తగారి చేతికి చేట ఇచ్చి నిలబెట్టింది.

"గట్టిగా విసురు అత్తా."

"ఏమిటికే పాపం. పువ్వు దానిది కూడా కదా."

"పోటీ దానిది కాదు."

గడువుకు ముందురోజు పెద్ద మందారం మీద ఆకుపచ్చ గొల్లభామ ఒకటి చేతులు జోడించి కూర్చుంది.

"దాన్ని తోసెయ్ అత్తా, ఎండ పోతాంది."

"దణ్ణం పెట్టుకుంటా ఉండాది. దణ్ణం పెట్టేదాన్ని ఎట్ల తరిమేది?"

ఈ వాదనలో శాంతిప్రియ వేలు ఫోన్‌కు తగిలి, గొల్లభామతో సహా ఫొటో పడిపోయింది. తెల్లారేసరికి ఆ మందారం వాడిపోయింది. మూడు ఫొటోలు పంపాలి. మచ్చలేనివి రెండే ఉన్నాయి. లోటు పూడ్చడానికి గొల్లభామనే పంపింది.

"ప్రైజు రాకపోతే నీవల్లే అత్తా. ఒక్క పురుగును తరమలేకపోయినావు."

"సరే, నా మీదనే వెయ్యి" అంది వేలమ్మాళ్.

విరుదునగర్ నుంచి ఫోన్ వచ్చింది. మొదటి బహుమతి.

ముగ్గురూ కారులోనే వెళ్ళారు. దాన్ని నిలపడానికి అక్కడా చోటు దొరకలేదు. మహేంద్రన్ వెతుకుతూ వీధిలోనే ఉండిపోయాడు. అత్తాకోడళ్ళు ఆలస్యంగా హాల్లో అడుగుపెట్టి, ముందు వరుసలో కూర్చునే వేళకు తెర మీద గొల్లభామ ఉంది. జనం చప్పట్లు కొడుతున్నారు.

శాంతిప్రియకు ఒళ్ళు మండింది. అంత వెలుగు, అంత మంచు, అంత పంచె పెట్టి తీసినవి వదిలేసి, చెడిపోయినదానికా ఇచ్చేది? పెరడు దక్కిందన్న సంతోషం కూడా ఆ మంటను ఆర్పలేదు. పక్క కుర్చీలో ఎవరో టీచరమ్మ ఉంటే అదే అడిగేసింది. ఆవిడ నవ్వాపుకుంటూ, వచ్చీరాని తెలుగులో చెవిలో ఏదో చెప్పింది. శాంతిప్రియ తెర మీది గొల్లభామను మళ్ళీ ఒకసారి చూసింది.

వేదిక మీద షీల్డు ఇచ్చి, రెండు మాటలు చెప్పమని మైకు చేతిలో పెట్టారు. శాంతిప్రియ గొంతు సవరించుకుని, హాల్లో అందరినీ వదిలేసి, వేలమ్మాళ్ వైపు తిరిగింది.

"తప్పు నాదే అత్తా, వీళ్ళు అడిగింది తోటలో పూచినవి కాదంట, తమిళంలో 'పూచ్చి' అంటే పురుగంట."