సత్యారావు పెట్టిన పరీక్ష

“ఏ పరీక్ష పెట్టాలో మీరే చెప్పండి. నేను రాసుకుంటాను,” అంది మెహజబీన్.

బాయిలరు మేస్త్రీ సత్యారావు తలకు చుట్టుకున్న తువ్వాలు తీసి భుజం మీద వేసుకున్నాడు. ముప్ఫై ఏళ్ళుగా బాయిలర్ల ముందు బతికినవాడు. కంప్యూటరును పరీక్షించమని ఇంతవరకు ఎవరూ అతన్ని అడగలేదు.

“ఇనస్పెట్రు గారు మీరు. నన్నడుగుతారేటమ్మా?”

“ఇన్‌స్పెక్టర్ని కాదండీ, ఈ కంప్యూటరు తయారుచేసిన కంపెనీ మనిషిని. కంప్యూటరు మీద నేను చెయ్యి వెయ్యకూడదు. ఏ పరీక్ష పెట్టాలో కూడా నేను చెప్పకూడదు.”

పక్కనే నిలబడ్డ మేనేజరు పెదబాబు గడియారం చూసుకున్నాడు. చోడవరం నుంచి వడ్డాది వెళ్ళే దారిలో ఆ చిన్న చక్కెర మిల్లు పెట్టి ఏడాదే అయింది. 1997 సీజను మర్నాడే మొదలు. పొద్దున్నే బాయిలరు వెలిగించాలి. రావికమతం వైపు నుంచి చెరుకు బళ్ళు బయలుదేరతాయి. బాయిలరులో నీళ్ళు తగ్గితే సైరను మోగించి, పొయ్యిలోకి చెరుకు పిప్పి పడకుండా ఆపే కంప్యూటరును ఈ ఏడే కొత్తగా తెప్పించారు.

“దీని ప్రోగ్రాం రాసినోడు మహా తెలివైనోడంట కదండీ,” అన్నాడు పెదబాబు. “నెల్లాళ్ళు తనే పరీక్షలు చేసేడంట. మళ్ళీ ఈ తతంగం ఏటండి?”

“విశాఖపట్నంలో బల్ల ముందు కూర్చుని చేసిన పరీక్షలండీ అవి. అన్నీ పాసయ్యాయి,” అంది మెహజబీన్. “ఎవరి పని వాళ్ళే పరీక్షించుకుంటే పాసవడం ఏమంత కష్టం?”

సత్యారావు నవ్వాడు. “అదీ నిజమే. వెల్డింగు నాను సేస్తే, పాసు సెయ్యడానికి ఇంకోడు రావాల. కంప్యూటరుకి ఆ రూలు లేదేటి?”

“ఇప్పుడు పెడుతున్నామండీ.”

ఆ మాట అతనికి నచ్చింది. ఉత్సాహంగా పనిలోకి దిగాడు. చల్లగా ఉన్న బాయిలరులో నీళ్ళు నింపించి, కొద్దికొద్దిగా వదిలాడు. సగం దిగగానే సైరను మోగింది. మళ్ళీ నింపాడు. కరెంటు తీసి, తిరిగి ఇచ్చి, మళ్ళీ నీళ్ళు వదిలాడు. మళ్ళీ మోగింది.

“ఇంక సంతకం పెట్టేద్దామా?” పెదబాబు ముఖం విప్పారింది.

“ఉండండి బాబూ.” సత్యారావు బాయిలరు చుట్టూ ఒక చుట్టు తిరిగి, నీళ్ళు ఎంతున్నాయో కంప్యూటరుకు చెప్పే తీగ దగ్గర ఆగాడు. “ఈ వేడికి తీగలు పెళుసెక్కిపోతాయి. ఇది తెగిపోతే ఏటవుద్దమ్మా?”

మెహజబీన్ రాస్తున్న పెన్ను ఆగింది. “చూడండి,” అంది.

అతను మళ్ళీ నీళ్ళు నింపించి తీగ పీకాడు. కంప్యూటరు తెర మీద నీటిమట్టం చూపే అంకె కదలలేదు. అరవై రెండు శాతం. కిందికి వెళ్ళి నీళ్ళు వదిలాడు. బాయిలరుకు బిగించిన గాజుగొట్టంలో నీరు దిగి దిగి పూర్తిగా కనబడకుండా పోయింది. తెర మీద మాత్రం అరవై రెండే. సైరను మోగలేదు. తీగ ఊడక ముందు అందిన ఆఖరి అంకెనే కంప్యూటరు పట్టుకుని కూర్చుంది.

సత్యారావు పైకి వచ్చి తెర మీది అంకె చూశాడు.

“నీళ్ళు లేని బాయిలరు కింద మంట మండితే పేలిపోద్ది. పొయ్యి ముందర ఆరుగురం ఉంటాం,” అన్నాడు మెల్లగా.

మెహజబీన్ ముఖం పాలిపోయింది. గోడకు ఆనుకుని, జరిగింది జరిగినట్టు రాసింది. రాయడం అయ్యాక కూడా తలెత్తడానికి కొంతసేపు పట్టింది.

“శనివారానికి సరిచేసి తెస్తాం. అంతవరకు వెలిగించకండి మేనేజరు గారూ.”

“ఇవాళ బుధవారమండి. రేపటికి రైతులు బళ్ళు కట్టేసి ఉంటారు.”

అంటూనే పెదబాబు ఖాళీ గాజుగొట్టం వైపు చూశాడు. తర్వాత సత్యారావు వైపు చూశాడు. ఇంకేమీ అనకుండా ఆఫీసు గదిలోకి నడిచాడు. శనివారం దాకా చెరుకు కొట్టవద్దని ఫోనులో చెబుతున్న అతని గొంతు బయటికి వినిపించింది.

శనివారం మెహజబీన్ కొత్త ఫ్లాపీతో దిగింది. ప్రోగ్రాంలో మార్చిన ప్రతి వరసనూ ఇంకో ఇద్దరు చదివి సంతకాలు చేసిన కాగితాలు కూడా తెచ్చింది. ఫ్లాపీని ఆఫీసు గుమాస్తా చేత పెట్టించి, తాను దూరంగా స్టూలు మీద కూర్చుంది.

ఈ మూడు రోజుల్లో సత్యారావు పంతొమ్మిది పరీక్షలు ఆలోచించి పెట్టుకున్నాడు. తీగ పీకాడు. సగం ఊడదీశాడు. రెండు తీగలు కలిపేశాడు. తీగ మీద చెంబుడు నీళ్ళు పోశాడు. ఏం చేసినా సైరను గోల పెట్టింది. పద్నాలుగో మోతకు పక్క పొలాల వాళ్ళు వచ్చి గేటు దగ్గర గుమిగూడారు. పెదబాబు చెవుల్లో దూది పెట్టుకుని నవ్వుతూ తిరిగాడు.

పంతొమ్మిదీ అయ్యాక ఆ జాబితాను బాయిలరు గది గోడకు అంటించారు. ఏటా సీజనుకు ముందు అవన్నీ చెయ్యాలి. ప్రోగ్రాం రాసినవాళ్ళు కాక వేరేవాళ్ళు చెయ్యాలి. కింద సత్యారావు సంతకం పెట్టాడు.

బాయిలరు వెలిగింది. టీలు వచ్చాయి. పెదబాబుకు మాత్రం ఒక కోపం మిగిలిపోయింది.

“ఆ మొదటి ప్రోగ్రాం రాసినోడి పేరు చెప్పండి మేడమ్. మీ కంపెనీకి ఉత్తరం రాస్తాను. ఆరుగురి ప్రాణాలండి.”

“రాయండి. రాయాల్సిందే,” అంది మెహజబీన్.

“ఒగ్గేయండి బాబూ,” అన్నాడు సత్యారావు. “బాయిలరంటే ఏటో ఆడికి ఎవరు సూపించేరు గనక? అమ్మా, ఆ రాసినోడిని ఒకపాలి ఇక్కడికి తీసుకురండి. నాను దగ్గరుండి సూపిస్తాను.”

“బుధవారం నుంచీ మీరు చూపిస్తున్నది నాకేనండీ,” అంది మెహజబీన్.