చిన్నప్పటి సంగతులు తెలిసినవాళ్ళు

"చిన్నప్పటి సంగతులు తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే వచ్చేసారి వెంట తీసుకురండి" అంది డాక్టరు.

అందుకని ఈసారి అమ్మని తీసుకొచ్చాడు.

అతనికి నలభై రెండేళ్ళు. కళ్ళజోళ్ళ షాపు వెనక గదిలో పని. ఒక కంటిపాప నుంచి రెండో కంటిపాపకి ఎంత దూరమో మిల్లీమీటర్లలో కొలిచి, అద్దాలు అరగదీసి ఫ్రేములో బిగిస్తాడు. పదిహేడేళ్ళలో ఒక్క జత వెనక్కి రాలేదు. షాపులో అందరూ 'స్కేలు' అని పిలుస్తారు. చేతిలో స్కేలు ఉన్నంతసేపే అతను మనుషుల కళ్ళలోకి చూడగలడని వాళ్ళకి తెలియదు.

ఏడు నెలల క్రితం ఒకాయన కూతుర్ని తీసుకొచ్చాడు.

"మా పాపకి ఆటిజం అండీ. చెవి దగ్గర చెయ్యి తగిలితే ఓర్చుకోలేదు. ఏ మాటైనా ఉన్నదున్నట్టే తీసుకుంటుంది. ఏమీ అనుకోకండి."

స్కేలు ఏమీ అనుకోలేదు. ఫ్రేము పాప చేతికే ఇచ్చి పెట్టుకోమన్నాడు. ఆ సాయంత్రం అతనెక్కాల్సిన బస్సులు మూడు వచ్చి వెళ్ళాయి. ఒక్కటీ ఎక్కలేదు. మర్నాడు ఈ క్లినిక్‌కి ఫోన్ చేసి పేరు రాయించుకున్నాడు.

అక్క నవ్వింది. "చేతులు కాలాక ఆకులు పట్టుకుంటావేంట్రా? ఇప్పుడు తెలుసుకుని ఏం చేస్తావు?"

"తెలుసుకుంటాను" అన్నాడు.

ఈలోగా షాపు యజమాని ఇంకో మెలిక పెట్టాడు. వచ్చే నెల ఒకటి నుంచి ముందు కౌంటర్లో నిలబడి, వచ్చినవాళ్ళతో నవ్వుతూ మాట్లాడి అమ్మాలి. చేతకాదంటే పొగరన్నాడు. డాక్టరు కాగితం చూపిస్తే వెనక గదిలోనే ఉంచుతానన్నాడు.

అమ్మకి ఇదంతా తెలియదు. పరీక్ష సంగతి చెప్పినప్పుడు "ఏ రోజు? ఎన్నింటికి?" అని మాత్రం అడిగింది.

డాక్టరు గదిలో ట్యూబ్‌లైటు సన్నగా రొద పెడుతోంది. డాక్టరుకి వినపడుతున్నట్టు లేదు. అమ్మ ఒకసారి పైకి చూసి తల దించుకుంది.

"చిన్నప్పుడు తోటిపిల్లలతో ఆడేవాడా అమ్మా?"

"బొత్తాల డబ్బా ముందేసుకుని రంగుల ప్రకారం పేర్చేవాడు. నేనూ పక్కన కూర్చునేదాన్ని. హాయిగా ఉండేది."

"మాటల్లో వెనక అర్థం ఉంటే పట్టుకునేవాడా?"

"వాళ్ళ మామయ్య 'నా తల తినకురా' అంటే, 'నేను తినలేదు' అని వెక్కివెక్కి ఏడ్చాడు. అప్పుడో నోటుపుస్తకం కుట్టాను. తల తినడం అంటే విసిగించడం. కాకమ్మ కథలంటే నమ్మలేని మాటలు. కడుపులో చల్ల కదలకుండా అంటే ఏ చీకూ చింతా లేకుండా. రోజుకి రెండు చొప్పున ఇద్దరం బట్టీపట్టేశాం."

"కళ్ళలోకి చూసి మాట్లాడేవాడా?"

"కనుబొమల మధ్య చూడమని నేర్పాను. ఎదుటివాళ్ళకి తేడా తెలియదు."

డాక్టరు కలం ఆగింది. "అలా ఎందుకు నేర్పాల్సి వచ్చిందమ్మా?"

"నలుగురి కోసం."

"ఇవేవీ మీకు వింతగా అనిపించలేదా?"

"లేదు. మామూలు పిల్లాడే. అలాగే రాసుకోండి."

స్కేలు వింటున్నాడు. తన గురించే మాట్లాడుతున్నా, ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి కొలతలు చదువుతున్నట్టుంది. మనసులో ఎక్కడా ఏమీ కదల్లేదు.

డాక్టరు అతనివైపు తిరిగింది. "మేం చేసిన పరీక్షలు ఒకవైపే చూపిస్తున్నాయి. కానీ చిన్నప్పుడు ఏ తేడా లేదని అమ్మగారే అంటే, నేను ఖాయంగా రాయలేను. ఇంకెవరైనా ఉన్నారా?"

"అక్క ఉంది. నవ్వుతుంది."

"మరి..."

"పర్వాలేదండీ. అయితే ఒకటో తారీఖు నుంచి కౌంటర్లో నిలబడతాను" అని లేచాడు.

అమ్మ తలెత్తింది. "ఏ కౌంటరు?"

చెప్పాడు. యజమాని అన్నది అన్నట్టుగా, ఒక్క మాట పొల్లుపోకుండా చెప్పాడు.

"రోజంతానా?"

"రోజంతా."

అమ్మ చేతులు ఒళ్ళో ఒకదాన్నొకటి నులుముకుంటున్నాయి.

"కూర్చో నాన్నా" అంది చివరికి. సంచిలోంచి ఒక కవరు తీసి బల్ల మీద పెట్టింది. "ఇది పదకొండేళ్ళ కిందటిది. వేరే ఊరెళ్ళి తీసుకున్నాను."

డాక్టరు మడతలు విప్పి రెండు పేజీలూ చదివింది. "ఆటిజం అని స్పష్టంగా రాశారే!" అంది. మళ్ళీ మొదటి పేజీకి వచ్చి, అమ్మవైపు చాలాసేపు చూసింది. "అబ్బాయికి కూడా చెప్పలేదా?"

"ఎవరికీ చెప్పలేదు. బయటపడితే వీడికి సంబంధాలు రావని భయపడ్డాను. ఎలాగూ రాలేదు."

"పదకొండేళ్ళు ఎలా దాచారమ్మా?"

"అదేం పెద్ద పని కాదండీ."

కోపం రావాలి కదా అనుకున్నాడు స్కేలు. ఎదురుచూశాడు. రాలేదు. తన బతుకు మొత్తానికి జవాబు ఉన్న కాగితాన్ని కన్నతల్లే దాచిందంటే ఎవరైనా అరుస్తారు. అతనికి ట్యూబ్‌లైటు రొద తప్ప ఇంకేం వినపడలేదు.

చెయ్యి చాపి కాగితం తీసుకుని, మొదటి అక్షరం నుంచి చదవడం మొదలుపెట్టాడు.

మొదటి వరుసలో 'పేషెంటు పేరు' అన్నచోట అమ్మ పేరు, దాని పక్కన వయసు యాభై ఎనిమిది అని ఉన్నాయి.