దడ తగ్గితేనే డబ్బు

కువైట్‌లో వంటపని చేసే ఓబులమ్మ, రాయచోటిలో ఉన్న చెల్లెలి ఆపరేషన్‌కు డబ్బు పంపడానికి యంత్రం మీద అరచెయ్యి ఆనించింది. ఎవరైనా బెదిరించి పంపిస్తున్నారేమోనని, నాడి అదిరితే యంత్రం ఒప్పుకోదు. అప్పటికే రెండుసార్లు కాదంది. మూడోసారీ కాదంటే వారం ఆగాలి. ఆపరేషన్ రేపే.

ఏడుపు ఆపుకుంటూ చెల్లెలికి ఫోన్ చేసింది.

"నాగవేణీ, నాకు దడ తగ్గల్యా. మిషను ఒప్పుకోల్యా."

"సరేలే అక్కా, ఈ పొద్దు ఏం వండినావో చెప్పు," అంటూ నవ్వింది చెల్లెలు.

ఓబులమ్మ చేపల పులుసు గురించి మొదలుపెట్టింది. చింతపండు ఎంత నానబెట్టిందో, మెంతులు ఎప్పుడు వేసిందో చెబుతూ చెబుతూ మెల్లగా చెయ్యి ఆనించింది. పచ్చదీపం వెలిగింది.

"దుడ్లు వచ్చినాయేమో చూడు నాగవేణీ!"

అంతసేపూ నవ్వుతూ విన్న చెల్లెలు అప్పుడు వెక్కివెక్కి ఏడ్చింది.