నవ్వులమ్మ కళ్ల పరీక్ష

“మూడో వరస,” అన్నాడు మొగుడు.

“ఎనిమిది, రెండు, ఐదు, తొమ్మిది,” అంది నవ్వులమ్మ, గిన్నె తోముతూనే.

“ఐదోది?”

“మూడు, ఏడు, నాలుగు, రెండు, ఆరు.”

“అలా గడగడా కాదు. ఎక్కం అప్పజెప్పినట్టుంది. ఐదో వరస దగ్గర కాస్త తడుముకో. అది మంచి చూపున్నవాళ్లకే కష్టం.”

అవి కంటి డాక్టరు గదిలో గోడకున్న పట్టికలోని అంకెలు. పింగాణీ కప్పుల కర్మాగారానికి కొత్త యజమాని వచ్చాడు. వస్తూనే ఓ నిబంధన పెట్టాడు: కళ్ల పరీక్ష నెగ్గినవాళ్లకే ఉద్యోగం ఖాయం, నెగ్గనివాళ్లు నెలాఖరుకల్లా ఇంటికే. నవ్వులమ్మకేమో చూపు మసక. చేయి చాపినంత దూరం దాటితే మనుషులంతా పొగమంచులో నీడలే. ఎదురుగా ఉన్నది మేస్త్రీయో స్తంభమో తేలక, ఎందుకైనా మంచిదని అన్నింటికీ ఓ నవ్వు పారేసేది. ఆ పేరు అలా వచ్చిందే. స్తంభాలు మాత్రం ఏనాడూ తిరిగి నవ్వలేదు.

ఈ కర్మాగారానికి రాకముందు గుండీల కొట్లో పనిచేసింది. ఆకుపచ్చవి అడిగితే నీలంవి కట్టిచ్చి నాలుగో వారానికే ఇంటికొచ్చింది. తర్వాత రెండేళ్లపాటు ఆవిడ ఎక్కని గుమ్మం లేదు. కళ్ల సంగతి చెబితే తలుపేసుకునేవారు, చెప్పకపోతే మూడోనాటికల్లా పట్టేసేవారు. కప్పుల మేస్త్రీ ఒక్కడే ఏమీ అడగలేదు. రెండు కప్పులు తెచ్చి చెంచాతో తట్టి, ఏది మంచిదో చెప్పమన్నాడు. మంచి కప్పు గంటలా మోగుతుంది. కంటికి కనపడని బీట ఉన్నది చప్పగా పలుకుతుంది. ఆవిడ చెప్పింది, మర్నాడే పనిలో చేరింది. ఆ గదిలో అందరినీ ఆయన అలాగే తీసుకున్నాడట.

గదిలో ఆవిడతో కలిపి ఏడుగురు. పొద్దస్తమానం కప్పులు తట్టడం, బీటవి పక్కన పెట్టడం. మిగతా ఆరుగురివీ డేగకళ్లని ఆవిడ నమ్మకం. వాళ్ల ముందు గుట్టు దాచుకోవడమే అసలు పనికన్నా పెద్ద పనైపోయింది. తలుపు నుంచి బల్లకు పదకొండు అడుగులని లెక్క కట్టుకుంది. పక్కబల్ల అక్క టైమెంతని అడిగితే, గోడ గడియారం కంటికి ఆనక, “నువ్వే చూడక్కా, నాకు చెయ్యి ఖాళీ లేదు,” అనేది. అక్కకూ ఎప్పుడూ చెయ్యి ఖాళీ ఉండేది కాదు.

ఒకసారి ట్యూబులైటు మాడిపోయి తొమ్మిది రోజులు అలాగే ఉండిపోయింది. గదే మసకేసిందో, తన చూపే ఇంకాస్త తగ్గిందో తెలియక నవ్వులమ్మ నోరు మెదపలేదు. చివరికి మేస్త్రీ వచ్చి, చీకట్లో ఎలా కూర్చున్నారర్రా అంటే, అలవాటైపోయిందండీ అన్నారు అందరూ. ఎంత సర్దుకుపోయే మనుషులో అని ఆవిడ మురిసిపోయింది. ఇలాంటి చోటు మళ్లీ దొరకదని అప్పుడే అనుకుంది.

అంకెలు సంపాదించింది మొగుడే. కళ్లు మండుతున్నాయని డాక్టరు దగ్గరికి వెళ్లి, ఆయన అటు తిరిగినప్పుడల్లా ఒక్కో వరస చీటీ మీద ఎక్కించుకున్నాడు. దాని ఫలితంగా రెండు కళ్లలోనూ చుక్కలు వేయించుకుని, గోడలు పట్టుకుంటూ ఇల్లు చేరాడు.

“నాలాంటివాళ్లు అక్కడ ఇంకో ఇద్దరున్నారు, పాపం. కాగితం, పెన్సిలు పట్టుకుని మరీ కూర్చున్నారు,” అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. “వాళ్లకూ మంటేనట.”

పరీక్ష రోజు డాక్టరు గదిలోకి ఒక్కొక్కరినే పిలిచారు. నవ్వులమ్మ వంతు ఆఖరున వచ్చింది. లోపలికెళ్లినవాళ్లు కూనిరాగాలు తీస్తూ బయటికొస్తుంటే, వాళ్లకేం, కళ్లున్నవాళ్లు అనుకుని నిట్టూర్చింది.

లోపల డాక్టరు పక్కనే మేస్త్రీ కూర్చున్నాడు. ఎదురుగోడ మీదున్నది చదవమన్నాడు డాక్టరు. ఆవిడకు తెల్లగా ఓ మరక తప్ప ఏమీ కనపడలేదు. అయినా మొదటి వరస అందుకుంది. మూడోదాని దగ్గర కళ్లు చికిలించింది. ఐదోదాని దగ్గర మొగుడు చెప్పినట్టే తడుముకుంది. డాక్టరుకు దగ్గు తెర వచ్చింది. ఆ వెంటనే మేస్త్రీకీ వచ్చింది.

“ఈవిడ పనెలా ఉంటుంది?” అన్నాడు డాక్టరు, దగ్గు తగ్గాక.

“ఈవిడ చేతిమీదుగా వెళ్లిన కప్పు ఒక్కటీ వెనక్కి రాలేదండీ.”

అదేదో తానూ చూస్తానన్నాడు డాక్టరు. మేస్త్రీ సంచిలోంచి రెండు కప్పులు తీసి తట్టాడు.

“ఏది మంచిదమ్మా?”

“రెండూ బీటవేనండీ. రెండోదానికి పిడి దగ్గర.”

డాక్టరు భూతద్దం పెట్టుకుని చాలాసేపు వెతికాడు. తర్వాత కాగితం మీద ముద్ర పడ్డ చప్పుడైంది.

“ఈ పనికి కావలసిందంతా నీ దగ్గరుందని రాశానమ్మా. ఉద్యోగం ఖాయం. వెళ్లిరా.”

నవ్వులమ్మకు కాళ్లు నేల మీద ఆనలేదు. డాక్టరుకొక నవ్వు, మేస్త్రీకొక నవ్వు, కోటు తగిలించిన కొక్కేనికొక నవ్వు ఇచ్చి బయటపడింది. ఇక జన్మలో పనికోసం ఎవరి గుమ్మం ముందూ నిలబడక్కర్లేదు. ఆనందం పట్టలేక గోడకానుకుని ఊపిరి తీసుకుంటుంటే, మూసిన తలుపు వెనక మాటలు వినిపించాయి. ఆ చెవులకు తలుపొక లెక్కా?

“చీటీలు రాసుకుపోయే మొగుళ్లనీ మరుదులనీ చూసి చూసి, పోయిన వారమే అంకెల పట్టిక తీసేశాను మేస్త్రీ,” అంటున్నాడు డాక్టరు. “ఇప్పుడు గోడకున్నవి పడవలూ పిట్టల బొమ్మలూ.”

నవ్వులమ్మ చేతిలోని కాగితాన్ని గట్టిగా పట్టుకుంది. లోపల ఇద్దరూ పగలబడి నవ్వుతున్నారు.

“పొద్దుటినుంచి ఆ బొమ్మల్లో ఇవే అంకెలు చదివినవాళ్లలో ఈవిడ ఏడోది.”